అనుబంధం-క ప్రకారం ఆకలి

రాష్ట్రీయ పేగు పరిరక్షణ సంస్థ అనేదొకటి ఉందని ఆ ఊళ్ళో సగం మందికి తెలీదు. తెలిసిన సగం మందీ అది పశువుల ఆసుపత్రి అనుకుని కడుపుబ్బరం వచ్చిన గేదెల్ని తోలుకొచ్చేవారు. కాలవకి ఆ ఒడ్డున సంస్థ, ఈ ఒడ్డున ఆడపిల్లల సంక్షేమ హాస్టలు. మధ్యలో ఒక సిమెంటు వంతెన. మన కథ ఆ వంతెన మీద అటూ ఇటూ తిరిగిన కొల్లాబత్తుల రత్నకుమారిది.

రత్నకుమారి సంస్థలో ల్యాబ్ టెక్నీషియను. పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీద ఉంది. అంతకుముందు ఏడేళ్ళు ఆ హాస్టల్లోనే ఉండి చదువుకుంది. రాత్రి ఏడింటికి కంచంలో పడే వేడన్నం కోసమే ఆరో తరగతిలో చేరానని ఆమె సిగ్గుపడకుండా చెబుతుంది. ఆ అన్నమే లేకపోతే లంకలో రొయ్యల చెరువు గట్టున తట్టలు మోస్తూ ఉండేదాన్నని కూడా చెబుతుంది. అది నిజమే.

ఆ ఏడాది మాఘంలో రాజధాని నుంచి సంస్థకి ఒక లేఖ వచ్చింది. సారాంశం మాత్రం చెప్తాను, మొత్తం చదివితే మీకే నీరసం వస్తుంది. సంక్షేమ హాస్టళ్ళలో రాత్రిపూట అన్నం పెట్టడం వల్ల వండటం, గిన్నెలు తోమటం, తిన్న పిల్లలు హాయిగా నిద్రపోవటం మొదలైన పరిపాలనాపరమైన చిక్కులు కలుగుతున్నాయట. కనక రాత్రి అన్నం తీసేద్దామని శాఖవారి సంకల్పం. అయితే ఎవరో పనీపాటా లేని డాక్టరు, “పస్తు పెడితే పేగు లోపలి గోడ పలచబడుతుందండీ, సందులు పడతాయి, పేగులో ఉండాల్సిన మలినం రక్తంలోకి కారుతుంది” అని అడ్డుపుల్ల వేశాడు. దాని మీద ఇంకొక ఘనుడు, “అదెంత పని! గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం ఉంది. పేగు గోడకి అదే మేత. పది గ్రాముల పొడి నీళ్ళలో కలిపి పోస్తే గోడ నిక్షేపంలా ఉంటుంది” అన్నాడు. ఆహా, ఏం బుర్రండీ! గోడ నిలబడితే చాలట, ఇంట్లో వాళ్ళు ఏమైపోయినా ఫరవాలేదట. పస్తులో ఈ పొడి గోడని కాపాడుతుందో లేదో తేల్చి మూడు నెలల్లో నివేదిక పంపమని లేఖ చివర ఉంది.

లేఖ చదివి రత్నకుమారికి ఒళ్ళు మండిపోయింది. సంస్థ డైరెక్టరు డాక్టర్ పరాంకుశరావుగారికి మాత్రం ఒళ్ళు పులకరించింది. ఆయన ఇరవై ఏళ్ళుగా పేగు మీద పనిచేస్తున్నా ప్రభుత్వం ఆయన్ని ఒక ప్రశ్న అడగటం అదే మొదటిసారి.

ముందు ఎలుకల్ని పస్తు పెడదామనుకున్నారు. సంస్థలో నలభై తెల్ల ఎలుకలున్నాయి. వాటి క్షేమం చూసే సంఘం ఒకటుంది. ఆ సంఘం సమావేశమై, మూగజీవిని మూడు రోజులు మాడ్చడం అమానుషమనీ, తప్పదంటే పద్దెనిమిది అనుమతులు తేవాలనీ తీర్మానించింది.

“మరి మనుషుల్ని పస్తు పెట్టాలంటే ఎన్ని అనుమతులు కావాలి?” అని డైరెక్టరు అడిగారు.

“వాళ్ళ సంతకం ఒక్కటి చాలండి,” అన్నాడు పరిపాలనాధికారి పానకాలరావు. ఈయన నోట్లోంచి మాట ఫైల్లోంచి వచ్చినట్టే వస్తుంది.

మర్నాడు సర్క్యులరు వచ్చింది. “సంస్థయందలి అరువదిమంది ఉద్యోగులు శాస్త్రాభివృద్ధి నిమిత్తము మూడు దినములు స్వచ్ఛందముగా ఉపవసింపవలెను. స్వచ్ఛందముగా ముందుకు రానివారి నుండి సంజాయిషీ కోరబడును.” అని ఉంది. కింద డైరెక్టరు సంతకం. ఆ అరవైమందిలో మొదటి పేరు తనదేనని సంతకం చేశాక చూసుకుని, ఆయన గ్లాసుడు మంచినీళ్ళు తాగారు.

తర్వాత నిర్వచన సమితి కూర్చుంది. ఫైలు కదలాలంటే ఉపవాసం అంటే ఏమిటో ముందు తేలాలన్నాడు పానకాలరావు.

“తేలడానికేముంది?” అన్నారు డైరెక్టరు నీరసంగా. “శాస్త్రంలో పస్తు అంటే మంచినీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకోకపోవడం.”

గ్రంథాలయాధికారికి షుగరు ఉన్నట్టు అప్పుడే గుర్తొచ్చింది. స్టోర్సు సూపరింటెండెంటుకి ఇంట్లో పెళ్ళిచూపులున్నట్టు గుర్తొచ్చింది. డైరెక్టరుగారి మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు.

పానకాలరావు గొంతు సవరించుకున్నాడు. “మా నాయనమ్మగారు యాభై సంవత్సరములు ఏకాదశి ఉపవాసము తప్పలేదండి. మెతుకు ముట్టేవారు కాదు. ఉప్మా మాత్రం పుచ్చుకునేవారు. ఆవిడ చేసినది ఉపవాసము కాదని ఈ సమితివారు అంటారా?”

“అయ్యబాబోయ్, ఎవరంటారండీ? కళ్ళు పోవూ!” అన్నాడు గ్రంథాలయాధికారి.

“మా ఆవిడ శనివారాలు ఉంటుందండి. రాత్రి నాలుగిడ్లీలు, ఒక అరటిపండు, గ్లాసుడు పాలు,” అన్నాడు స్టోర్సాయన.

డైరెక్టరు లేచి నిలబడ్డారు. ఆయన గొంతులో జీవం వచ్చింది. “చూశారా! మన పూర్వులు ఎప్పుడో తేల్చిన విషయం ఇది. విదేశీ శాస్త్రం మంచినీళ్ళ దగ్గరే ఆగిపోయింది. ఉపవాసం అంటే అన్నం తినకపోవడం. అంతే. రాసుకోండి.”

ఇక చర్చ ఊపందుకుంది. ఉప్మా చేతులెత్తి ఆమోదించారు. పెసరట్టు ఏకగ్రీవం. పెసరట్టులో ఉప్మా పెట్టుకుంటే రెండు ఉపవాసాలు కలిసినట్టే కాబట్టి మరీ శ్రేష్ఠమని నమోదు చేశారు. ఇడ్లీ దగ్గర చిక్కొచ్చింది, అందులో బియ్యపు రవ్వ ఉంటుంది కదా. నానబెట్టి, కడిగి, పప్పుతో కలిపి పులియబెట్టాక బియ్యానికి బియ్యం లక్షణం నశిస్తుందని డైరెక్టరు శాస్త్రీయంగా వివరించాక ఇడ్లీ నెగ్గింది. వడ, పాలు, పళ్ళు, జీడిపప్పు, బొంబాయి చట్నీ, అల్లప్పచ్చడి వరసగా నెగ్గాయి. పులిహోర మీద మూడు గంటలు వాదించుకున్నారు. చివరికి మెతుకు కంటికి కనబడుతోందన్న కారణం మీద పులిహోర ఓడిపోయింది. స్టోర్సాయన తన అసమ్మతిని రాతపూర్వకంగా నమోదు చేయించాడు. నెగ్గిన తొమ్మిది వస్తువుల జాబితాకి అనుబంధం-క అని పేరు పెట్టారు.

రత్నకుమారి గోడవారగా నిలబడి అంతా వింది. ఇక ఉండబట్టలేకపోయింది.

“సార్, పేగుకి ఏకాదశో ద్వాదశో తెలీదండి. లోపలికి పెసరట్టు వెళితే అది పస్తు అనుకోదు, తిండి అనుకుంటుంది. రేపు హాస్టలు పిల్లలకి నిజంగా పస్తు పెడతారు. ఇక్కడ మనం తిని కొలిచిన కొలత వాళ్ళకెలా పనికొస్తుందండీ?”

“నీ ఆవేదన సమితి గుర్తించిందమ్మా,” అన్నారు డైరెక్టరు. “కానీ నువ్వు సమితిలో సభ్యురాలివి కావు. పైగా కాంట్రాక్టు.”

సోమవారం పొద్దున్న కఠోర ఉపవాసం మొదలైంది. అరవైమందినీ రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి పూటకి పది గ్రాముల పొడి, రెండో జట్టుకి ఏమీ లేదు. మామూలు రోజుల్లో క్యాంటీన్ నడిపే బుల్లెబ్బాయికి ఇరవై ప్లేట్ల ఇడ్లీ అమ్మితే గొప్ప. ఆ రోజు పదకొండింటికే పిండి అయిపోయింది. ఆకలితో ఉన్నామన్న బెంగ మనిషిని ఎంత తినిపిస్తుందో పస్తున్నవాడికే తెలుస్తుంది. ఇంటి దగ్గర రెండిడ్లీలతో సరిపెట్టుకునేవాళ్ళు, మధ్యాహ్నం భోజనం లేదు కదా పాపం అని తమ మీద తామే జాలిపడి, ఆరు ఇడ్లీలూ మూడు వడలూ లాగించారు. సాయంత్రానికి ఒకళ్ళనొకళ్ళు పరామర్శించుకోవడం మొదలెట్టారు.

“ఎలా ఉందండీ?”

“ఏం చెప్పనండీ, పొద్దుట్నుంచీ ఒక్క మెతుకు లేదు,” అంటూ త్రేన్చేవారు.

పొడితో వచ్చింది అసలు తంటా. నోట్లో వేసుకుంటే సుద్దముక్క నమిలినట్టుంది. తాగలేక, పారబొయ్యలేక, పొడి జట్టువాళ్ళు దాన్ని తీసుకెళ్ళి బుల్లెబ్బాయికిచ్చారు. అతను దాన్ని అల్లప్పచ్చడిలో కలిపేశాడు. అల్లప్పచ్చడి అందరికీ ఒకటే గిన్నె. అంచేత ఎవరి పొట్టలోకి ఎంత పొడి పోయిందో ఆ పరమాత్ముడికే తెలియాలి. రత్నకుమారి పరుగున వెళ్ళి డైరెక్టరుతో చెప్పింది.

“ఎవరు మందు తిన్నారో ఎవరు తినలేదో తినేవాడికీ కొలిచేవాడికీ తెలియకుండా ఉండటమే ఉత్తమమైన పద్ధతి,” అన్నారాయన వడ తుంచుతూ. “ఇప్పుడు మీకూ తెలీదు, నాకూ తెలీదు, బుల్లెబ్బాయికీ తెలీదు. ఇంతటి ఉత్తమ పద్ధతి ప్రపంచంలో ఎక్కడా జరిగి ఉండదమ్మా.”

మూడో రోజు పానకాలరావుకి అజీర్తి చేసింది. ఉపవాసం పడలేదని సెలవు చీటీలో రాశాడు.

గురువారం తెల్లారేసరికి రత్నకుమారి అందర్నీ తూచింది. పస్తున్న అరవైమందీ తలా కిలోన్నర చొప్పున పెరిగారు. తర్వాత పేగు గోడ పరీక్ష చేసింది. రెండు రకాల చక్కెర కలిపిన నీళ్ళు తాగిస్తారు. గోడ బాగుంటే చిన్నరకం చక్కెరే లోపలికి దూరి మూత్రంలో కనబడుతుంది. గోడకి సందులు పడితే పెద్దరకం కూడా దూరిపోతుంది. అరవైమందిలో ఒక్కరికి కూడా పెద్దరకం దూరలేదు. గోడలన్నీ కోట గోడల్లా ఉన్నాయి. పొడి తిన్నామన్న జట్టుకీ అంతే, తినలేదన్న జట్టుకీ అంతే.

“రెండు జట్లకీ తేడా లేదు కదా సార్? పొడి పనిచేసిందని ఎలా అంటాం?” అంది ఆమె.

“పొడి ఎంత గొప్పగా పనిచేసిందంటే, తిననివాళ్ళకి కూడా పనిచేసింది,” అని డైరెక్టరు నివేదికలో రాసుకున్నారు.

నివేదిక చూసి రాజధాని నుంచి సంయుక్త కార్యదర్శి గరుడాచలంగారు స్వయంగా దిగారు. సన్నగా పొడుగ్గా ఇస్త్రీ చేసినట్టుంటారు. నవ్వితే ఎక్కడ ముడత పడుతుందోనని నవ్వరు.

“పరాంకుశరావుగారూ, ఇన్నాళ్ళూ మనం ఆకలిని అపార్థం చేసుకున్నాం,” అన్నారాయన సమావేశంలో. “పస్తున్నవాడు నీరసిస్తాడన్నది కేవలం ప్రచారం. మీ గణాంకాల ప్రకారం వాడు బరువు పెరుగుతాడు. కావున వసతి గృహాలలో రాత్రి అన్నం వచ్చే ఒకటో తారీకు నుంచి నిలుపుదల. పది గ్రాముల పొడి, గ్లాసుడు నీళ్ళు. ముసాయిదా ఉత్తర్వు ఇక్కడే తయారుచేయించండి, సాయంత్రం సంతకం పెట్టి వెళతాను.”

సమావేశం అయ్యాక డైరెక్టరు రత్నకుమారిని గదిలోకి పిలిచారు. కొలతల కాయితం మీద ఆమె సంతకం కావాలి.

“కొలతలు అబద్ధం కావు సార్. నేను కొలిచినవాళ్ళు పస్తు లేరు, అంతే,” అంది ఆమె.

“నిన్ను పర్మినెంటు చేసే ఫైలు నా బల్ల మీదే ఉందమ్మా. బల్ల మీద ఉన్న కాయితాలు ఒక్కోసారి గాలికి పోతుంటాయి. ఆలోచించుకో.”

ఆమె సంతకం పెట్టకుండానే బయటపడి, కాళ్ళీడ్చుకుంటూ వంతెన దాటింది. హాస్టలు వంటింట్లో మంగతాయారు చేటలో బియ్యం చెరుగుతోంది. మంగతాయారు ఆ హాస్టల్లో ఇరవై ఆరేళ్ళుగా వంటమనిషి. రత్నకుమారి చిన్నప్పట్నుంచీ ఆమెని పిన్నీ అనే పిలుస్తుంది.

“ఏటే అమ్మడూ, మొహం అలా పీక్కుపోయింది? నువ్వు కూడా ఆ ఉపోసాలేవో ఉన్నావేటి?”

“లేదు పిన్నీ. ఆఫీసు మొత్తంలో నేనొక్కదాన్నే ఉపవాసం లేను. వాళ్ళని తూచటంతోనే సరిపోయింది, తినే తీరిక దొరకలేదు.” అంటూనే ఆమెకి ఏడుపొచ్చేసింది. “ఒకటో తారీకు నుంచి ఇక్కడ రాత్రి అన్నం ఉండదు పిన్నీ. నూట పన్నెండుమంది పిల్లలు గ్లాసుడు సుద్దనీళ్ళు తాగి పడుకోవాలి. దానికి నేను సంతకం పెట్టాలి. ఏడేళ్ళు నీ చేతి ముద్ద తిన్నదాన్ని, నేను పెట్టాలి ఆ సంతకం!”

మంగతాయారు చేట పక్కన పెట్టింది. “ఉండు ఉండు. ఆళ్ళంతా మూణ్ణాళ్ళు ఉపోసం ఉంటే ఏటీ కాలేదన్నావు కదా? ఇంతకీ ఆళ్ళేం తిన్నారేటి?”

రత్నకుమారి ముక్కు తుడుచుకుని అనుబంధం-క మొత్తం వల్లించింది. పెసరట్టు ఉప్మా దగ్గరికి వచ్చేసరికి మంగతాయారు నోరు తెరిచింది. జీడిపప్పు దగ్గర మూసింది.

“ఓర్నాయనోయ్! దీన్నా ఉపోసం అంటారు? మా ఇంట్లో పెళ్ళికి కూడా ఇన్ని చెయ్యలేదే! మరి ఆళ్ళకో ఉపోసం, మా పిల్లలకో ఉపోసమా? ఇదేం న్యాయవే? పెడితే పిల్లలకీ ఆ ఉపోసమే పెట్టమను!”

రత్నకుమారి ఏడుపు ఠక్కున ఆగింది. లేచి మంగతాయారు చెయ్యి పట్టుకుని ఒక్క ఊపు ఊపి, వచ్చిన దారినే పరుగుపెట్టింది.

ముసాయిదా తయారుచేసే పని పానకాలరావు మీద పడింది. అతనింకా అజీర్తితో ఉన్నాడు. పైగా గ్లుటమిన్ అని టైపు చెయ్యటం సంస్థలో రత్నకుమారికి తప్ప ఎవరికీ రాదు. “నేను చేసిపెడతాలెండి సార్,” అని ఆమె కూర్చుంది. పదకొండేళ్ళుగా వాళ్ళ కాయితాలే టైపు చేస్తున్న మనిషికి వాళ్ళ భాష రాదా ఏం?

“సంక్షేమ వసతి గృహములయందు రాత్రి అన్నము ఇందుమూలముగా నిలుపుదల చేయడమైనది. అందుకు బదులుగా బాలికలు, సంస్థవారిచే శాస్త్రీయముగా నిరూపింపబడిన పరాంకుశ ఉపవాస విధానమును, పది గ్రాముల పొడితోను, అనుబంధము-క యందలి సమస్త వస్తువులతోను, తు.చ. తప్పక పాటింపవలెను. ఇందు ఏ ఒక్క వస్తువు లోపించినను తదుపరి ఫలితములకు సంస్థ బాధ్యత వహించదు.”

డైరెక్టరు ‘పరాంకుశ ఉపవాస విధానము’ అన్నచోట ఆగారు. మళ్ళీ చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మూడోసారి చదివారు. ఒక ప్రభుత్వ ఉత్తర్వులో తన పేరు! ఆ తర్వాత ఆయనకి మిగతా అక్షరాలు కనబడలేదు. పానకాలరావు తిన్నగా చివరి వాక్యానికి వెళ్ళి, “బాధ్యత వహించదు. భేషు! ఇంత చక్కటి ముగింపు నేను కూడా ఎన్నడూ రాయలేదు,” అని మెచ్చుకున్నాడు. గరుడాచలంగారికి రైలు టైమవుతోంది. ‘నిలుపుదల చేయడమైనది’ అన్నంతవరకు చదివి, పెన్ను తీశారు. ఆయన పేజీ తిప్పబోయారు. తిప్పితే అనుబంధం ఉంది.

“సార్, రైలు,” అంది ఆమె.

ఆయన సంతకం పెట్టేశారు. అప్పుడు ఆమె కూడా కొలతల కాయితం మీద కళ్ళు మూసుకుని సంతకం పెట్టింది.

ఒకటో తారీకు సాయంత్రం హాస్టల్లో పస్తు మొదలైంది. అంతకు రెండు రోజుల ముందే లారీలో పెసలు, మినప్పప్పు, రవ్వ, జీడిపప్పు, అరటిగెలలు దిగాయి. ఉత్తర్వు తు.చ. తప్పకూడదు కదా! మంగతాయారు పక్క వీధి నుంచి ఇద్దరు చెల్లెళ్ళని సాయం తెచ్చుకుంది. పిల్లలు భయంభయంగా వరసలో నిలబడ్డారు. పస్తు పెడతారని విని, పొద్దున్నే ఇద్దరు ముగ్గురు ఇంటికి పారిపోవడానికి సంచీలు కూడా సర్దుకున్నారు. కంచంలో పెసరట్టు ఉప్మా పడ్డాక కాసేపు ఎవరూ ముట్టుకోలేదు. తర్వాత ఎవరూ తలెత్తలేదు. పొడి మాత్రం యథావిధిగా అల్లప్పచ్చడిలో కలిసింది.

“పిన్నీ, ఇంకొంచెం ఉపవాసం వెయ్యవా?” అని ఒక పిల్ల కంచం చాపింది.

ఈ సంగతి దాగేది కాదు. వారం తిరక్కుండా పక్క ఊరి కాలేజీ కుర్రాళ్ళ హాస్టలువాళ్ళు రోడ్డు మీద బైఠాయించి, “మాకూ ఆకలి కావాలి! పస్తులు మా హక్కు!” అని అరిచారు. గరుడాచలంగారు ఫోన్లో విరుచుకుపడ్డారు.

“ఏమిటండీ ఈ దారుణం? పిల్లలు తింటున్నారట!”

“తినటం లేదండి. ఉపవసిస్తున్నారు,” అన్నారు డైరెక్టరు.

“పెసరట్టు ఆహారం కాదా?”

“ఆహారమంటే మన అధ్యయనం అబద్ధమండి. అధ్యయనం అబద్ధమైతే మొన్న ఢిల్లీలో తమరు అందుకున్న ఆకలి నిర్వహణ పురస్కారం...”

“పెసరట్టు ఆహారం కాదు,” అన్నారు చివరికి గరుడాచలంగారు.

ఇంతలో ఒక పత్రిక విలేకరి ఆయన్ని నిలేశాడు. పిల్లలకి అన్నం మాన్పించారు, మరి మీరు మానేశారా అని అడిగాడు. నలుగురిలో ఏమంటారు? ‘నిశ్చయంగా!’ అన్నారు. ఆ మాట మర్నాడు అచ్చయింది. ఆయన శ్రీమతి దాన్ని కత్తిరించి వంటింట్లో అంటించింది. పుణ్యం ఒక్క పూటతో ఎందుకు ఆపాలని ఆ ఇల్లాలు రెండు పూటలా అమలు చేసింది. ఆ రోజు నుంచి ఆయనకి పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం ఉప్మా, రాత్రి పెసరట్టు.

నలభై రోజులు గడిచాయి. ఇప్పుడొక చిత్రం చెప్పాలి. ఎన్ని రకాలు పెట్టినా, రాత్రి పడుకోబోయే ముందు ముద్ద అన్నం పడకపోతే మనవాళ్ళకి తిన్నట్టుండదు. హాస్టలు పిల్లలకి మెల్లగా అన్నం మీద బెంగ పుట్టింది. వంటమనుషులు ఉత్తర్వు పరిధిలోకి రారు కనక, మంగతాయారు తనకోసం వెనకవైపు పొయ్యి మీద గుప్పెడు బియ్యం వండుకునేది. మొదట్లో ఒక పిల్ల వచ్చి, “పిన్నీ, ఒక్క ముద్ద,” అంది. తర్వాత పదిమంది వచ్చారు. గుప్పెడు కాస్తా సోలెడైంది, సోలెడు కుంచమైంది. ఉపవాసం ముగించుకుని పిల్లలంతా వెనక గుమ్మం దగ్గర దొంగల్లా చేరి అన్నం తినేవారు.

ఒక శుక్రవారం సాయంత్రం ఏడింటికి పిల్లల బరువులు చూడటానికి రత్నకుమారి అక్కడే ఉంది. చెప్పాపెట్టకుండా కారు ఆగింది. గరుడాచలంగారూ, ఆయన వెనక డైరెక్టరూ తిన్నగా వెనక గుమ్మంలోకి వచ్చేశారు. పొయ్యి మీద నుంచి అప్పుడే దించిన అన్నం పొగలు కక్కుతోంది. పక్కన ముద్దపప్పు, కొత్తావకాయ, గిన్నెడు నెయ్యి. పిల్లలు ఎక్కడి ముద్ద అక్కడే ఆపేశారు.

“ఉపవాస భంగం!” అన్నారు గరుడాచలంగారు. అదివరకటి సన్నటి మనిషి కాస్తా గుండ్రంగా అయ్యారు, కళ్ళు మాత్రం లోతుకుపోయాయి. “తనిఖీ రిజిస్టరు తెండి. ఈ క్షణం నుంచి ఈ పథకం రద్దు. రేపటి నుంచి ఒట్టి పొడీ, నీళ్ళూ!”

రత్నకుమారి ముందుకొచ్చి నిలబడింది.

“సార్, మీరు రాసేముందు ఒక్క మాట వినండి. నేను ఈ గుమ్మంలోనే కూర్చుని ఏడేళ్ళు రాత్రి అన్నం తిన్నాను. ఇది లేకపోతే నాకు చదువు లేదు, ఉద్యోగం లేదు, మీ ముందు నిలబడే ధైర్యం లేదు. శిక్ష వెయ్యాలంటే నాకు వెయ్యండి. ఆ అనుబంధం పెట్టింది నేనే. పిల్లల నోటి దగ్గర కూడు లాక్కోకండి.”

ఆయన వినటం లేదు. చూపు అన్నం గిన్నె మీద అతుక్కుపోయింది. గొంతు గుటకలు వేస్తోంది. మంగతాయారు ఇరవై ఆరేళ్ళుగా ఆకలి మొహాలు చూసిన మనిషి. ఆమెకి హోదాలు తెలీవు గానీ ఆ చూపు తెలుసు. పప్పూ నెయ్యీ వేసి ఇంత ముద్ద కలిపి, ఆవకాయ పెచ్చు అద్దింది.

“ఆయ్, అలా నిలబడిపోయేరేటండీ బాబూ. చెయ్యి పట్టండి.”

ఆయన చెయ్యి చాపారు.

“సార్! అన్నం!” అన్నారు డైరెక్టరు హడలిపోయి.

“పరాంకుశరావుగారూ, మీరు కాస్త గోడవైపు తిరగండి.”

డైరెక్టరు గోడవైపు తిరిగారు. గరుడాచలంగారు మొదటి ముద్ద నిలబడి తిన్నారు. రెండోది పీట వాల్చుకుని తిన్నారు. అయిదో ముద్దకి ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారాయి, ఆవకాయ ఘాటుకి కాదు. పిల్లలు చుట్టూ చేరి, వెయ్యి పిన్నీ, ఇంకొంచెం వెయ్యి అంటూ తామే వడ్డించారు. గిన్నె అడుగున అంటుకున్న మాడుచెక్క కూడా ఆయన గోకి తిన్నారు. చెయ్యి కడుక్కుని, రుమాలుతో తుడుచుకుని, రిజిస్టరు తెరిచి రాశారు.

“వంటశాలను క్షుణ్ణముగా తనిఖీ చేయడమైనది. గిన్నెలు మూతలు తీసి పరిశీలించడమైనది. అన్నము ఒక్క మెతుకైనను కనబడలేదు.”

రత్నకుమారి గిన్నెలోకి తొంగిచూసింది. అక్షరాలా నిజం.

“రేపు కూడా ఆకస్మిక తనిఖీ ఉంటుంది. సరిగ్గా ఏడు గంటలకి,” అన్నారు గరుడాచలంగారు గంభీరంగా. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి తిరిగారు. “పప్పులో మామిడికాయ వెయ్యగలవామ్మా?”

“ఆయ్, ఏస్తానండి.”

“సార్, తనిఖీకి నేను కూడా రావాలాండీ?” అని డైరెక్టరు గోడవైపు నుంచే ఆశగా అడిగారు.

కారు వెళ్ళిపోయింది. తినని పిల్లలు ఇంకా ఖాళీ కంచాలతో నిలబడే ఉన్నారు. మంగతాయారు పొయ్యిలో కట్టెలు ఎగదోసి మళ్ళీ ఎసరు పెట్టింది.

“ఆకస్మికం అంటే ఏటే అమ్మడూ?”

“చెప్పకుండా రావటం పిన్నీ.”

“మరి చెప్పే ఎల్లేడు కదే?”

“అందుకే పిన్నీ, రేపట్నుంచి అందరికీ సరిపడా పెద్ద గిన్నెలోనే వండు,” అంది రత్నకుమారి, బియ్యం కొలుస్తూ.